రెండు మోటార్ల పంపకం

లూకా చేతిలో పడ్డ మోటారు బతికి తీరుతుందని గోదావరి ఒడ్డున ఒక పేరుండేది. అబద్ధమేమీ కాదు. లూకా నోట్లో పడ్డ మనిషి సంగతి మాత్రం ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. అదీ నిజమే, ఆ నోట్లో పడ్డవాడు బతికి బట్టకట్టడం కష్టం. ఇంత పనిమంతుడికి అంత కోపం ఎందుకిచ్చావయ్యా అని దేవుణ్ణి అడగాలి గానీ, లూకాతో వాదన పెట్టుకునే ఓపిక దేవుడికి కూడా ఉన్నట్టు లేదు.

ఇప్పుడు లూకాకు అరవై నాలుగేళ్ళు. బూర్గంపాడులో ఇంటి ముందు రేకుల పందిరి కింద కూర్చుని మిరపచేలకు మందు కొట్టే స్ప్రేయర్లు, నీళ్ళ మోటార్లు బాగుచేస్తాడు. వంతెనలు, రోడ్లు వచ్చాక పడవలు తగ్గిపోయాయి, పడవ మోటార్లూ వాటితోనే పోయాయి. అలాంటిది మొన్న ఫిబ్రవరిలో ఒక మంగళవారం మధ్యాహ్నం ట్రాలీ ఆటో ఒకటి వచ్చి పందిరి ముందు ఆగింది. వెనక గోనెసంచుల్లో చుట్టి తాళ్ళతో కట్టిన పొడుగాటి సామాను. దాని పక్కనుంచి ముప్పై ఏళ్ళ పిల్ల ఒకతె దిగింది.

"వందనాలు పెదనాయనా. నేను హెప్సిబాను. శాంతికుమార్ బిడ్డను," అంది.

లూకా చేతిలో పానా అట్లాగే ఆగిపోయింది. ఆ పేరు ఆ పందిరి కింద వినబడి పదిహేడేళ్ళయింది. పిల్లను కూర్చోమనలేదు, నీళ్ళివ్వమని లోపలికి కేక వేయలేదు.

"ఎందుకొచ్చినవ్?" అన్నాడు.

"మా నాయిన మోటారు తెచ్చిన. విప్పి చూడు. దాంట్ల నీ సామాను ఏమేం ఉన్నదో అంతా తీసుకో. తీసుకున్నంక, ఇగ శాంతికుమార్ తాన నాదేం లేదు అని ఒక్క మాట చెప్పు. గంతే."

"మీ నాయిన పంపిండా?"

"ఆయనకు తెల్వది. తెలిస్తే రానియ్యకపోవు." ఆ పిల్ల ఇల్లందులో ఒక దవాఖానాలో నర్సు. చెప్పాల్సింది మందుల చీటీ చదివినట్టు చెప్పింది. "బొగ్గు దుమ్ము తిని తిని ఊపిరితిత్తులు పోయినయ్. ఇంట్లనే ఆక్సిజన్ మిషన్ పెట్టినం. ఈ ఎండాకాలం దాటడు. దొంగ అన్న పేరుతోని మా నాయినను పోనియ్యను పెదనాయనా. ఆ పేరు పెట్టింది నువ్వు. తీసేది గూడ నువ్వే."

మాట మెత్తగానే ఉంది. అందుకే లూకాకు ఏం తిట్టాలో తెలియలేదు. ఈలోగా లూకా భార్య సంపూర్ణ చెంబుతో నీళ్ళు తెచ్చింది. "కూసో బిడ్డా. ఈ ఇంట్ల మర్యాద ఆడోళ్ళకే ఉంటది, ఆయన్ను పట్టించుకోకు," అని ఆ పిల్ల తల నిమిరింది.

అసలు సంగతి తెలియాలంటే నలభై ఏళ్ళు వెనక్కి పోవాలి. అప్పట్లో మిషన్ దవాఖానా వాళ్ళకు మందుల పడవ ఒకటుండేది. దాని వెనక చెక్కకు తగిలించి, తాడు లాగి స్టార్ట్ చేసే మోటార్లు రెండు. ఒకే కంపెనీ, ఒకే ఏడు, అచ్చం కవలలు. అప్పటికే పాతవి. మిషన్ తెల్లదొరలు వెళ్ళిపోతూ వాటిని చర్చి సంఘంలోని ఇద్దరు కుర్రాళ్ళకు ఇచ్చిపోయారు. మెకానిక్ పని తెలిసిన లూకాకు ఒకటి, గోదారిలో ఏ గుండం ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగల శాంతికుమార్‌కు ఒకటి. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. వీళ్ళు ఇరవై మూడేళ్ళు చేశారు, అన్నా అంటే తమ్మీ అనుకుంటూ.

అంత పాత మోటార్లకు సామాను ఎక్కడ దొరుకుతుంది? అందుకని లూకా ఒక పద్ధతి పెట్టాడు. ఏ రోజు ఎవరి పడవ దూరం పోవాలో ఆ రోజు మంచి సామాను వాళ్ళ మోటారులో ఉండాలి. శాంతి ఎగువకు సంత జనాన్ని ఎక్కించుకుని పోతుంటే లూకా మోటారులోని కాయిల్ వెళ్ళి శాంతి మోటారులో కూర్చునేది. మర్నాడు కార్బొరేటర్ ఇటొచ్చేది, ప్లగ్గులు అటు పోయేవి. కొన్నాళ్ళకు ఏది ఎవరిదో వాళ్ళకే తెలియకుండా పోయింది. తెలుసుకోవాలని ఇద్దరిలో ఎవరికీ అనిపించలేదు.

మార్చకూడనిది మాత్రం ఒకటుంది. పిస్టన్‌ను క్రాంకుకు, అంటే లోపల తిరిగే ఇరుసుకు, కలిపే రాడ్డు, ఆ రాడ్డును కిందినుంచి పట్టుకునే క్యాపు. ఆ రెండింటినీ ఒకే ముక్కగా చేసి తర్వాత రెండుగా విడదీస్తారు. ఏ రాడ్డు క్యాపు ఆ రాడ్డుకే. పక్కదానిది పెట్టినా బోల్టులు పడతాయి, పైకి బాగానే కనబడుతుంది, లోపల మాత్రం వెంట్రుకవాసి తేడా ఉంటుంది. కొన్నాళ్ళు తిరిగాక అక్కడ వేడెక్కి రాడ్డు విరిగి మోటారు పొట్ట పగలగొడుతుంది. అందుకే లూకా తన మోటారులోని రెండు రాడ్ల మీద, వాటి క్యాపుల మీద పంచ్‌తో ఒక్కొక్క చుక్క కొట్టాడు. శాంతి వాటి మీద రెండేసి చుక్కలు. విప్పి కడిగేటప్పుడు కిరసనాయిలు డబ్బాలు కూడా రెండు పెట్టుకునేవాడు, తనది ఒకటి, శాంతిది ఒకటి. పని విషయంలో అంత జాగ్రత్త.

మాట విషయంలో ఆ జాగ్రత్తలో వీసమెత్తు కూడా లేదు. ఒక వానాకాలం శాంతి వరదలో పెళ్ళివాళ్ళను ఒడ్డుకు చేర్చాడు. రేవులో టీ కొట్టు దగ్గర అందరూ శాంతి శాంతి అంటుంటే లూకాకు కడుపులో మండింది. "నా చెయ్యి లేకపోతే వాడేంది? గడకర్ర తోసుకునేటోడు," అన్నాడు. శాంతి వెనకాలే నిలబడి విన్నాడు.

"గట్లనా అన్నా. అయితే పంచుకుందాం," అన్నాడు.

పంచుకున్నారు. రేవు ఇసుకలో పట్టా పరిచి, రెండు మోటార్లూ పూర్తిగా విప్పి, సంఘ పెద్ద పగిడయ్యను కూర్చోబెట్టి, అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు పంచుకున్నారు. ఏది ఎవరిదో తెలియదు కాబట్టి చీట్లు వేశారు. కాయిల్‌కు ఒక చీటీ, కార్బొరేటర్‌కు ఒక చీటీ. చుక్కలున్న రాడ్లు, క్యాపులు మాత్రం ఎవరివి వాళ్ళకే. రెండు క్రాంకుల్లో మంచిది లూకాకు పడింది, అరిగిపోయింది శాంతికి. చివరకు కిరసనాయిలు డబ్బాలు కూడా చెరొకటి పంచుకున్నారంటే చూడండి, ఆ మూర్ఖత్వం! అంతా అయ్యాక రెండు మోటార్లనూ మళ్ళీ బిగించాల్సింది లూకాయే. ఇంకెవరికి వచ్చు? మూతి ముడుచుకుని రెండూ బిగించాడు.

ఇరవయ్యో రోజున లూకా మోటారు గోదారి నడిమధ్య ఢామ్మని పగిలింది. పడవ కొట్టుకుపోయి లంకకు తగిలి ఆగింది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. మంచి క్రాంకు లూకాకు పడిందని ఊరంతా చూసింది కదా, మరి ఎందుకు పగిలినట్టు? బిగించే ముందు శాంతి చాటుగా వచ్చి క్రాంకు మార్చేసి ఉంటాడని లూకాకు తోచింది. తోచిన క్షణమే అది నిజమైపోయింది. పైగా శాంతి తన మోటారును వారం కూడా వాడకుండా పక్కన పెట్టి తెడ్డు వేసుకుంటున్నాడు. ఎందుకురా అంటే చెప్పడు. విప్పి చూపించమంటే "విప్ప" అంటాడు. దొంగ కాకపోతే ఎందుకు విప్పడు అని ఊళ్ళో కూడా అనుకున్నారు.

ఆ వచ్చిన ఆదివారం ప్రభు బల్ల ఆరాధన, సంఘమంతా కలిసి రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. రొట్టె విరిచే ముందు పాస్టరు అయ్యగారు ఎప్పటిలాగే, ఎవరికైనా సహోదరుడితో వైరముంటే సమాధానపడి రమ్మన్నారు. లూకా లేచి నిలబడ్డాడు. శాంతి మీదికి వేలు చూపించాడు. "దొంగతోటి ఒక్క బల్ల కాడ నేను కూసోను," అన్నాడు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం.  తల్లి లేని పదమూడేళ్ళ బిడ్డ చెయ్యి పట్టుకుని శాంతి లేచి బయటికి నడిచాడు. నెల తిరక్కుండా ఇల్లందు వెళ్ళి బొగ్గు లోడింగులో కాంట్రాక్టు పనికి కుదిరాడు. నీళ్ళ మీద పెరిగిన మనిషి దుమ్ములో పడ్డాడు. ఆ తర్వాత ఏ సంఘంలోనూ రొట్టె ముట్టలేదని అప్పుడప్పుడు ఎవరో చెబితే లూకా విననట్టు ఉండేవాడు.

సరే, హెప్సిబా మోటారు దించి వెళ్ళాక రెండు రోజులు లూకా దాని జోలికి పోలేదు. మూడో రోజు పొద్దున్నే, తన క్రాంకు బయటికి తీసి సంపూర్ణ ముఖం ముందు పెట్టాలన్న పంతంతో పానాలు పట్టుకున్నాడు. తుప్పు బోల్టులను కిరసనాయిలులో నానబెట్టి, ఒక్కొక్కటే విరగకుండా తీసి, మోటారు పొట్ట రెండుగా విడదీశాడు. లోపల దట్టంగా గ్రీజు పట్టించి ఉంది. తాను ఎప్పుడూ అక్కడ గ్రీజు పెట్టడు. ఎవరో తన తర్వాత విప్పి మళ్ళీ మూశారని అర్థమైంది. ఆపైన ఆలోచించడం ఇష్టంలేక గ్రీజు తుడిచాడు.

క్రాంకు అరిగిపోయిన క్రాంకే. చీటీలో శాంతికి పడినదే. పంపకం రోజు గుర్తుకని దాని చివర తాను ఆకురాయితో గీసిన గీత కూడా అట్లాగే ఉంది. లూకా దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, పక్కన పెట్టాడు, మళ్ళీ తీసి చూశాడు. తర్వాత రాడ్లు చూశాడు. ఒక రాడ్డు మీద రెండు చుక్కలు, దాని క్యాపు మీద రెండు చుక్కలు. రెండో రాడ్డు మీద కూడా రెండు చుక్కలే. దాని క్యాపు మీద ఒక్కటే చుక్క ఉంది.

 అప్పుడు లూకాకు గుర్తొచ్చింది. పంపకాల రోజు మోటార్లు బిగించడానికి కూర్చుంటే రెండో డబ్బా శాంతి వాటాలోకి పోయింది. పది అడుగుల దూరంలో ఉంది. తమ్మీ, ఆ డబ్బా ఒకసారి ఇయ్యి అని అడగాలి. అడగడానికి నామోషీ వేసింది. నాలుగు క్యాపులనూ తన ఒక్క డబ్బాలోనే వేసి కడిగాడు. కోపంతో కళ్ళు మండుతుంటే చుక్కలు చూసే ఓపిక లేక చేతికి దొరికింది దొరికినట్టు బిగించాడు. ఇరవై మూడేళ్ళలో ఎప్పుడూ చేయని పని ఆ ఒక్క రోజు చేశాడు.

పెరట్లో కోళ్ళ గంప కింద తన పగిలిన మోటారు ఇంకా పడి ఉంది. ఈ పదిహేడేళ్ళలో ఊరందరి మోటార్లూ విప్పాడు గానీ దాన్ని ఒక్కసారి విప్పి చూడలేదు. ఆ రోజు విప్పాడు. విరిగిన రాడ్డు ముక్క మీద ఒక చుక్క ఉంది, దాని కింద నల్లగా మాడిన క్యాపు మీద రెండు. సంపూర్ణ వచ్చి భర్త చేతిలో ఉన్నది చూసింది. ఆమెకు చుక్కల సంగతి తెలుసు.

"అప్పుడే విప్పి చూడమని మొత్తుకున్న. ఇంటివా?" అంది.

"తిట్టవే. ఇంకా తిట్టు," అన్నాడు లూకా. తిట్టించుకుంటే బరువు తగ్గుతుందనుకున్నాడు. సంపూర్ణ తిట్టలేదు. "ఇల్లందు బస్సు రెండింటికుంది. అన్నం తిని పో," అని లోపలికి వెళ్ళింది. లూకా తినకుండానే వెళ్ళాడు.

శాంతికుమార్ మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. ముక్కుకు గొట్టం, పక్కన మిషన్. ఒకప్పుడు రెండు చేతుల్తో మోటారెత్తి పడవకు తగిలించిన మనిషి, ఇప్పుడు ఆ భుజాల్లో ఏమీ లేదు. లూకాను చూసి ఆశ్చర్యపోలేదు. "రా అన్నా," అన్నాడు, నిన్న కలిసి ఇవాళ మళ్ళీ కలిసినట్టు.

లూకా జేబులోంచి రెండు క్యాపులు తీసి దుప్పటి మీద పెట్టాడు. బస్సులో అనుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "తమ్మీ, నేనే కలిపేసిన. ఒక్క డబ్బాల కడిగిన. నువ్వు దొంగవు గాదు," అన్నాడు.

శాంతి వాటి వైపు చూడనైనా లేదు. "ఎరుకే అన్నా."

"ఎరుకనా?"

"మూడోనాడే లోపల టకటక అన్నది. విప్పి చూసిన. నా రాడ్డుకు నీ చుక్క. నా చుక్క నీ దాంట్ల ఉంటదని గప్పుడే సమజైంది. నడపకు అన్నా అని చెప్దామని రెండుసార్లు మీ ఇంటికొచ్చిన. ఒకసారి తలుపేసినవ్. ఇంకోసారి కుక్కను ఉసిగొల్పినవ్. యాదికున్నదా?"

యాదికి ఉంది. అయినా, అలవాటు ఎక్కడికి పోతుంది, లూకాకు అప్పుడు కూడా కోపమే వచ్చింది. "మరి నేను సంఘంల గంత మాటన్నప్పుడు నోరెందుకు తెరవలేదు? మోటారు విప్పి చూపిస్తే అయిపోవు గదరా!"

శాంతి ఊపిరి కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. "ఇరవై మూడేండ్లు ఒక్క కంచంల తిన్నం. నా మాట నమ్మక, ఇనుపముక్క చూపిస్తే నమ్ముతవా? గట్ల నమ్మితే నాకెందుకా నమ్మకం? నీ అంతట నువ్వే వస్తవని చూసిన. నెల చూసిన. ఏడాది చూసిన. నాది గూడ పొగరే అన్నా, కాదంటలేను. నా పొగరుకు బిడ్డ ఆగమైంది. బడిల దాన్ని దొంగోని బిడ్డ అన్నరంట. పెద్దగైనంక చెప్పింది."

గుమ్మంలో నిలబడ్డ హెప్సిబా ముఖం తిప్పుకుంది. లూకా మంచం మీదికి వంగి శాంతి కాళ్ళు పట్టుకోబోయాడు. శాంతి కాళ్ళు దగ్గరికి లాక్కున్నాడు.

"ఏం జేయమంటవో చెప్పు తమ్మీ. ఏదైనా చేస్త," అన్నాడు లూకా ఏడుస్తూ.

"నాకు చెప్తే ఏమొస్తది, నాకు తెల్సిందే గదా. ఏడ అన్నవో ఆడ చెప్పు. దొంగ అని ఇన్నోళ్ళు, కాదని గూడ ఇనాలె. గది అయినంక అయ్యగారిని పిలిపించుకుని నేను రొట్టె తీసుకుంట. ఈ లోకంల నాకు మిగిలింది గా ఒక్క కోరికే."

ఆదివారం లూకా అందరికంటే ముందే గుడికి పోయాడు. పాత పెంకుల గుడి పడగొట్టి కొత్తది కట్టి ఎనిమిదేళ్ళయింది. కింద టైల్స్, గోడలకు స్పీకర్లు, పాటలకు కీబోర్డు. తమ బతుకులో జరిగింది లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయం వచ్చాక లూకా ముందుకు వెళ్ళి మైకు పట్టుకున్నాడు.  పదిహేడేళ్ళ కిందటి ఆ రోజు ఎవరెవరు ఎక్కడెక్కడ కూర్చున్నారో వెతకడానికి తలెత్తి చూశాడు. పగిడయ్య సమాధుల తోటలో ఉన్నాడు. అప్పటి అయ్యగారు ఎప్పుడో బదిలీ అయి, వెళ్ళిన ఊళ్ళోనే పోయారు. పడవల మీద బతికిన కుటుంబాలు రేవుతోపాటే చెదిరిపోయాయి. ఎదురుగా అంతా పేపరు మిల్లులో పనిచేసేవాళ్ళు, కొత్తగా వచ్చి కిరాయికి ఉంటున్నవాళ్ళు, వాళ్ళ పిల్లలు. ఆదివారం ఆదివారం వీళ్ళ మధ్యే కూర్చుంటున్నాడు. ఎవరు లేరో ఇన్నాళ్ళూ లెక్క చూసుకోలేదు.

అయినా చెప్పాడు. పంపకం, డబ్బా, క్యాపులు, కుక్క, బల్ల దగ్గర చూపించిన వేలు, ఏదీ దాచకుండా చెప్పాడు. "శాంతికుమార్ దొంగ గాదు. తప్పు నాది. వాని బతుకు నేను చెడగొట్టిన," అన్నాడు.

 జనం చప్పట్లు కొట్టారు. కొందరు హల్లెలూయా అన్నారు. కొత్త పాస్టర్ జస్టిన్, ఇంకా నలభై దాటనివాడు, లూకాను దగ్గరికి తీసుకున్నాడు. "ఈ వయసులో ఎంత తగ్గింపు, ఎంత వినయం! మనందరికీ లూకా అన్న మాదిరి చూపించాడు," అని మైకులో చెప్పాడు. మళ్ళీ చప్పట్లు. కిందికి దిగుతుంటే ముందు వరసలో ఒకాయన చెయ్యి కలిపి, "మంచి సాక్ష్యం అన్నా. ఇంతకీ ఆ శాంతికుమార్ ఎవరు?" అని అడిగాడు.

లూకా వరసలు దాటుకుంటూ వెనక్కి నడిచాడు. చివరి బెంచీలో వెంకమ్మ కనిపించింది. ఎనభై ఐదేళ్ళ ముసలమ్మ, చెవులు దాదాపు పోయాయి. ఆ రోజు ఆమె ఉంది. రెండో వరసలో కూర్చుని అంతా చూసింది. లూకా ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"పెద్దమ్మా, నేను చెప్పింది ఇన్నవా? శాంతికుమార్ యాదికున్నడా?" అని చెవి దగ్గర అరిచాడు.

"శాంతిగాడా? మోటారు దొంగ శాంతిగాడే గదా! ఎందుకు యాదికుండడు. నువ్వే గదా గుడిలకెల్లి ఎల్లగొడ్తివి."

"వాడు దొంగ గాదు పెద్దమ్మా! నేనే తప్పు జేసిన! తప్పు నాది!"

వెంకమ్మ బోసినోటితో నవ్వి లూకా చెంప నిమిరింది. "ఆ, ఇన్న, ఇన్న. నీ మనసు ఎన్నపూస కొడుకా. అసుంటి దొంగోణ్ణి గూడ ఎనకేసుకొస్తున్నవ్."

లూకా మళ్ళీ అరవబోయి, మానుకుని లేచాడు.  బయటికి వచ్చి చెప్పులు వేసుకోకుండానే మెట్ల మీద కూర్చున్నాడు. జేబులో ఫోన్ మోగింది. హెప్సిబా నంబరు. ఎత్తితే అవతల శాంతి గొంతు, మధ్యమధ్య ఊపిరి అందకుండా.

"చెప్పినవా అన్నా?"

"చెప్పిన తమ్మీ."

"అందరిన్నరా? ఏమన్నరు?"

లూకా ఇంకో అబద్ధం ఆడదామా అనుకున్నాడు. అది కూడా చేతకాలేదు.

"నన్ను మంచోడన్నరు తమ్మీ," అన్నాడు.